విమాన ఉద్గారాలు - కార్బన్ క్రెడిట్లు: పవర్‌గూడ నుండి ఆత్రేయపురం వరకు ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:

విమానం ఎగిరినప్పుడు వాతావరణంలో కలిసే బొగ్గుపులుసు వాయువుకు బదులుగా మరొకచోట అంతే పరిమాణంలో ఆ వాయువును తగ్గించినట్లు లెక్క చూపడమే ఉద్గార పరిహారం. ఈ లెక్కకు ప్రమాణం కార్బన్ క్రెడిట్. 2003లో నాటి ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ అనే గిరిజన గూడెం మహిళలు ప్రపంచబ్యాంకు సదస్సు ప్రయాణాల ఉద్గారాలకు పరిహారంగా 147 టన్నుల క్రెడిట్లను విక్రయించారు. తెలుగు నేలపై విమానయాన ఉద్గారాలకూ గ్రామీణ శ్రమకూ నేరుగా ముడిపడిన తొలినాటి ఒప్పందాలలో ఇది ముఖ్యమైనది. ఈ వ్యాసం ఆ ఒప్పందాన్ని అంతర్జాతీయ విమానయాన చట్టాల నేపథ్యంలో పరిశీలిస్తుంది. దాని పాఠాలు గోదావరి డెల్టా శిరోభాగాన ఉన్న ఆత్రేయపురం వంటి వరి ప్రాంతానికి ఎలా వర్తిస్తాయో చర్చిస్తుంది. 2027 నుండి భారత విమాన సంస్థలకు అంతర్జాతీయ పరిహార పథకం తప్పనిసరి కానున్నందున ఈ చర్చకు ప్రాధాన్యం ఉంది.

కీలక పదాలు: కార్బన్ క్రెడిట్లు, విమానయానం, పవర్‌గూడ, కానుగ, ఆత్రేయపురం, గోదావరి డెల్టా, కోర్సియా, కౌలు రైతు.

1. ఉపోద్ఘాతం:

గోదావరి నదికి పన్నెండేళ్లకొకసారి పుష్కరాలు వస్తాయి. 2003, 2015 సంవత్సరాలలో పుష్కరాలు జరిగాయి. రాబోయేవి 2027లో. యాదృచ్ఛికమే అయినా, విమాన ఉద్గారాల పరిహార చరిత్రలోనూ ఈ మూడు సంవత్సరాలే మైలురాళ్లు. 2003 అక్టోబరులో గోదావరి పరీవాహక ప్రాంతానికి చెందిన పవర్‌గూడ మహిళలు తమ క్రెడిట్లను అమ్మారు. 2015 డిసెంబరు 12న పారిస్ ఒప్పందం కుదిరి, దేశాల మధ్య క్రెడిట్ల మార్పిడికి ఆరవ అధికరణం పునాది వేసింది. 2027 జనవరి నుండి అంతర్జాతీయ విమానయాన పరిహార పథకం భారతదేశానికి వర్తించనుంది.

ఈ కాలక్రమాన్ని నది పైభాగం నుండి కిందికి చదవవచ్చు. ఆదిలాబాద్ అడవులలో కురిసిన వాన కడెం, పెన్‌గంగ, ప్రాణహిత వంటి ఉపనదుల ద్వారా గోదావరిలో కలిసి ధవళేశ్వరం చేరుతుంది. అక్కడ 1847-1852 మధ్య ఆర్థర్ కాటన్ నిర్మించిన ఆనకట్టకు ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుండేవి. వాటిలో ర్యాలి ఆత్రేయపురం మండలంలోని గ్రామం. మధ్య డెల్టా ప్రధాన కాలువ మొదలయ్యే బొబ్బర్లంక కూడా ఈ మండలంలోనిదే. అంటే ఆత్రేయపురం మధ్య డెల్టాకు తలవాకిలి. పైన ఒక గూడెం అమ్మిన క్రెడిట్ల కథ కింద ఉన్న ఈ ప్రాంతానికి ఏం చెబుతుందన్నది ఈ వ్యాసం ప్రధాన ప్రశ్న.

2. పదాల పరిశీలన: పరపతి, పరిహారం:

తెలుగు గ్రామాలకు ‘క్రెడిట్’ అనే మాట కొత్తది కాదు. సహకారోద్యమ కాలం నుండి ‘పరపతి సంఘం’ అనే పేరులో అది ఉంది. 1990ల తర్వాత విస్తరించిన మహిళా సంఘాల పరిభాషలో ‘పొదుపు-పరపతి’ జంట పదమైంది. ఈ అర్థంలో పరపతి అంటే నమ్మకంపై అందే అప్పు. తీసుకున్నవారు తీర్చాలి.

కార్బన్ క్రెడిట్‌లో ‘క్రెడిట్’ అర్థం వేరు. ఒక టన్ను బొగ్గుపులుసు వాయువుకు సమానమైన ఉద్గారం తగ్గిందనో, వాతావరణం నుండి తొలగిందనో ధ్రువీకరించే పత్రమిది. కొన్నవారు దానిని తమ ఉద్గారాలకు ఎదురుగా చూపి రద్దు చేస్తారు. రద్దయిన పత్రాన్ని తిరిగి అమ్మకూడదు. ఇక్కడ డబ్బు అందుకున్న గ్రామం బయటికి అప్పు పడినట్లు కనిపించదు. అయితే తగ్గింపు భవిష్యత్తులో జరగవలసినదైతే, ఆ గ్రామం నిజానికి ఒక బాకీని నెత్తిన వేసుకున్నట్లే. పవర్‌గూడ విషయంలో ఈ తేడా కీలకం.

‘పరిహారం’ అనే పదానికీ తెలుగులో రెండు అర్థాలున్నాయి. ఒకటి దోషాన్ని పోగొట్టే చర్య. రెండవది నష్టపోయినవారికి ఇచ్చే మూల్యం. విమానయాన సంస్థల ప్రకటనలు మొదటి అర్థాన్ని ఆశ్రయిస్తాయి. గ్రామీణ ఉత్పత్తిదారులు రెండవ అర్థంలో ప్రతిఫలాన్ని ఆశిస్తారు. కార్బన్ క్రెడిట్లపై సాగే వివాదాలలో చాలా భాగం ఈ రెండు అర్థాలను కలిపేయడం వల్ల పుట్టినవే.

3. ఆకాశంలోని ఉద్గారాలు ఎవరి ఖాతాలోవి?

3.1. షికాగో నుండి క్యోటో వరకు: 1944 డిసెంబరు 7న షికాగోలో కుదిరిన అంతర్జాతీయ పౌర విమానయాన ఒప్పందం, ఒక దేశంలో దిగిన విమానం ట్యాంకులో మిగిలివున్న ఇంధనంపై ఆ దేశం సుంకం విధించరాదని నిర్దేశించింది. ఆ ఒప్పందం నుండే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అంటే ఐకావో, పుట్టింది. యుద్ధానంతరం విమానయానం పెరగడానికి ఈ ఏర్పాటు తోడ్పడింది. ఇతర రవాణా ఇంధనాలపై ఉన్నంత పన్ను భారం అంతర్జాతీయ విమాన ఇంధనంపై పడకపోవడానికీ ఇదొక కారణం.

1997 డిసెంబరులో ఆమోదం పొందిన క్యోటో ఒడంబడిక అభివృద్ధి చెందిన దేశాలకు ఉద్గార పరిమితులు విధించింది. అయితే ఒక దేశంలో లేచి మరో దేశంలో దిగే విమానం ఉద్గారాలను ఏ దేశం ఖాతాలో రాయాలన్న చిక్కు తేలలేదు. ఆ బాధ్యతను ఐకావో ద్వారా నెరవేర్చాలని ఒడంబడికలోని రెండవ అధికరణం చెప్పింది. అలా దేశాల పద్దుల నుండి అంతర్జాతీయ విమానయానం తప్పుకుంది. ప్రపంచ ఇంధన సంబంధ బొగ్గుపులుసు వాయు ఉద్గారాలలో విమానయానం వాటా సుమారు రెండున్నర శాతం. ఎత్తులో ఏర్పడే ఆవిరి చారల వంటి ఇతర ప్రభావాలు ఈ లెక్కలోకి రావు.

3.2. ఐరోపా ప్రయత్నం, భారత ప్రతిఘటన: 2012 జనవరి నుండి ఐరోపా సమాఖ్య తన విమానాశ్రయాలకు వచ్చిపోయే అన్ని విమానాలనూ తన ఉద్గార వాణిజ్య వ్యవస్థ పరిధిలోకి తెచ్చింది. భారత్, చైనా, అమెరికా, రష్యా తదితర దేశాలు దీనిని వ్యతిరేకించాయి. 2011 సెప్టెంబరులో ఈ వ్యతిరేకతను తెలిపే ఉమ్మడి ప్రకటన ఢిల్లీలోనే వెలువడింది. ఉద్గారాల వివరాలను ఐరోపాకు సమర్పించవద్దని భారత ప్రభుత్వం మన విమాన సంస్థలను ఆదేశించింది. 2012 నవంబరులో ఐరోపా సమాఖ్య ఖండాంతర విమానాల విషయంలో వెనక్కి తగ్గింది. వాతావరణ మార్పుకు చారిత్రకంగా ఎక్కువ కారణమైన దేశాలు, ఇప్పుడిప్పుడే విమానమెక్కుతున్న దేశాలపై సమాన భారం మోపరాదన్నది భారత వాదన. ఈ వాదనలో న్యాయముంది. అయితే ఒక దేశం లోపల విమానమెక్కేవారికీ ఎక్కనివారికీ మధ్య ఉన్న అంతరం గురించి ఈ వాదన ఏమీ చెప్పదు.

3.3. కోర్సియా: 2016 అక్టోబరులో ఐకావో 39వ మహాసభ అంతర్జాతీయ విమానయాన ఉద్గారాల పరిహార, తగ్గింపు పథకాన్ని ఆమోదించింది. ఆంగ్ల సంక్షిప్త నామంతో దీనిని ‘కోర్సియా’ అంటారు. 2021-2023 ప్రయోగ దశ, 2024-2026 తొలి దశ. ఈ రెండింటిలో చేరడం దేశాల ఇష్టం. 2027-2035 మధ్య రెండవ దశ, మినహాయింపు ఉన్న దేశాలకు తప్ప, తప్పనిసరి. 2022 మహాసభ నిర్ణయం ప్రకారం 2024 నుండి 2019 నాటి ఉద్గారాలలో 85 శాతాన్ని గీటురాయిగా తీసుకుంటారు. రంగం మొత్తంగా ఆ గీత దాటిన ఉద్గారాలకు విమాన సంస్థలు క్రెడిట్లు కొని రద్దు చేయాలి. భారత్ స్వచ్ఛంద దశలలో చేరలేదు. 2027 నుండి చేరుతుంది.

ఇక్కడొక పరిమితిని గుర్తించాలి. కోర్సియా అంతర్జాతీయ విమానాలకే వర్తిస్తుంది. ఆత్రేయపురానికి దగ్గరి విమానాశ్రయమైన రాజమహేంద్రవరం సమీపంలోని మధురపూడి నుండి ఎగిరేవన్నీ దేశీయ విమానాలే. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై వంటి నగరాలతో పాటు 2024 చివరి నుండి ముంబై, ఢిల్లీలకు కూడా అక్కడి నుండి నేరుగా విమానాలు నడిచాయి. కోనసీమ నుండి అమెరికాకో, గల్ఫ్ దేశాలకో వెళ్లే వ్యక్తి ప్రయాణంలో మధురపూడి - హైదరాబాద్ భాగం ఈ పథకం వెలుపల ఉంటుంది. ఆ తరువాతి భాగమే లోపలికి వస్తుంది. ఒకే ప్రయాణాన్ని చట్టం రెండుగా చూస్తుంది.

4. పవర్‌గూడ ఒప్పందం (2003):

4.1. నేపథ్యం: స్వచ్ఛంద పరిహార పద్ధతి క్యోటో ఒడంబడిక కంటే పాతది. 1980ల చివరలో ఒక అమెరికన్ విద్యుత్ సంస్థ తన బొగ్గు కేంద్రం ఉద్గారాలకు బదులుగా గ్వాటెమాలాలో చెట్ల పెంపకానికి నిధులిచ్చింది. అదే బాటలో 2003లో ప్రపంచబ్యాంకు వాషింగ్టన్‌లో జరిగే తన అంతర్జాతీయ సదస్సు ఉద్గారాలను తటస్థం చేయాలని తలపెట్టింది. ప్రతినిధుల విమాన ప్రయాణం, స్థానిక రవాణా ఆ లెక్కలో చేరాయి. పరిహారం కోసం ఎంచుకున్న చోటు ఉట్నూరు ప్రాంత గిరిజన భూముల్లోని పవర్‌గూడ.

ఈ గూడేన్ని ఎంచుకోవడం వెనుక కొంత పూర్వరంగం ఉంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ తోడ్పాటుతో అక్కడ వాటర్‌షెడ్ పనులు సాగాయి. మహిళా సంఘాలు బలపడ్డాయి. కానుగ గింజల నుండి నూనె తీసే యంత్రం గూడేనికి చేరింది. సంఘాల సభ్యులు కానుగ మొక్కలు నాటారు. ప్రపంచబ్యాంకుకు చెందిన ఇమ్మాన్యుయెల్ డిసిల్వా, ఇక్రిశాట్ శాస్త్రవేత్త సుహాస్ పి. వాణీ తదితరులు ఈ మార్పును నమోదు చేశారు. వారి నివేదికను ఇక్రిశాట్ ప్రచురించింది.

4.2. లెక్క: ఒప్పందం సారాంశం సరళమైనది. పదేళ్లలో ఈ కానుగ చెట్ల నుండి సుమారు 51 టన్నుల నూనె వస్తుందని అంచనా. ఆ నూనె డీజిల్‌కు బదులుగా మండితే 147 టన్నుల బొగ్గుపులుసు వాయువుకు సమానమైన ఉద్గారాలు తప్పుతాయి. ఆ 147 టన్నులకు ప్రపంచబ్యాంకు 645 డాలర్లు చెల్లించింది. టన్నుకు నాలుగు డాలర్ల నలభై సెంట్లకు కొంచెం తక్కువ. నాటి మారకపు విలువతో మొత్తం దాదాపు 29 వేల రూపాయలు.

ఈ మొత్తాన్ని గూడెం వైపు నుండి చూస్తే గౌరవప్రదమైన రాబడి. బయటి సంస్థ ఒకటి తమ శ్రమకు నేరుగా చెల్లించడం అక్కడి మహిళలకు అరుదైన అనుభవం. దళారీ లేకుండా సంఘానికి సొమ్ము అందడం ఈ ఒప్పందంలోని మేలి లక్షణం. తరువాతి కాలపు క్రెడిట్ల వ్యాపారంలో అభివృద్ధి సంస్థలు, ధ్రువీకరణ సంస్థలు, మధ్యవర్తులు తీసుకునే వాటాలతో పోల్చితే ఈ విశేషం స్పష్టమవుతుంది.

4.3. చట్టపరమైన స్థానం: ఒప్పందం నాటికి క్యోటో ఒడంబడిక అమలులోకి రాలేదు. అది అమలైంది 2005 ఫిబ్రవరి 16న. ఒడంబడిక కింద స్వచ్ఛ అభివృద్ధి యంత్రాంగంలో ప్రపంచంలోనే తొలి ప్రాజెక్టు నమోదైనది 2004 నవంబరులో. కాబట్టి పవర్‌గూడ క్రెడిట్లు పూర్తిగా స్వచ్ఛంద విపణికి చెందినవి. వాటిని కొనమని బ్యాంకును ఏ చట్టమూ నిర్బంధించలేదు. అమ్మినవారికి రక్షణగా ఏ చట్టమూ లేదు. గిరిజనుల అటవీ హక్కులను గుర్తించే చట్టం సైతం 2006లోనే వచ్చింది.

5. లెక్కలోని మూడు చిక్కులు:

పవర్‌గూడ ఒప్పందం చిన్నది. దానిని తప్పుపట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. చిన్నది కాబట్టే అందులోని తర్కం విడివిడిగా కనిపిస్తుంది. తర్వాత వచ్చిన భారీ పథకాలలోనూ ఇవే చిక్కులు కొనసాగాయి.

5.1. కాలం: సదస్సు విమానాల ఉద్గారాలు 2003 అక్టోబరులో కొద్ది రోజుల్లోనే వాతావరణంలో కలిశాయి. వాటికి బదులైన తగ్గింపు పదేళ్లపాటు సాగాలి. కానుగ మొక్క గింజ పట్టడానికే సాధారణంగా నాలుగైదేళ్లు పైగా పడుతుంది. వర్షాభావం, తెగుళ్లు, మేత పశువులు, నిప్పు, వీటన్నిటినీ తట్టుకుని చెట్టు నిలవాలి. అంటే గూడెం అందుకున్న సొమ్ము పదేళ్ల సంరక్షణకు ముందుగా ఇచ్చిన బయానా. కొనుగోలుదారు మాత్రం తన ఉద్గారాలు తటస్థమయ్యాయని అదే ఏడాది ప్రకటించుకోగలిగాడు.

5.2. వాడుక: తగ్గింపు చెట్టులో లేదు, నూనె వాడుకలో ఉంది. కానుగ నూనె పూర్వం నుండి దీపాలకు, తోళ్ల శుద్ధికి, సబ్బుల తయారీకి వాడుకలో ఉన్నదే. సబ్బుల వ్యాపారి డీజిల్ కంటే మంచి ధర ఇస్తే గూడెం అతనికి అమ్మడమే ఆర్థికంగా సబబు. అప్పుడు చెట్లు పచ్చగా ఉన్నా, నూనె పూర్తిగా వచ్చినా, లెక్కలోని 147 టన్నులు తప్పుతాయి. పదేళ్లపాటు ప్రతి డబ్బా నూనె ఎక్కడ మండిందో చూడటం 645 డాలర్ల ఒప్పందంలో సాధ్యమయ్యే పని కాదు.

5.3. అదనత్వం: ఈ సొమ్ము లేకపోతే ఆ తగ్గింపు జరిగేది కాదని రుజువైతేనే క్రెడిట్‌కు విలువ. పవర్‌గూడలో మొక్కలు నాటడానికి, నూనె యంత్రానికి తోడ్పడినవి ప్రధానంగా అంతకుముందే ఉన్న ప్రభుత్వ, పరిశోధన పథకాలు. అదే కాలంలో దేశమంతటా జీవ ఇంధనాలపై ఉత్సాహం ఉంది. 2002 డిసెంబరు 31న ఢిల్లీ - అమృత్‌సర్ శతాబ్ది రైలును జీవ డీజిల్ మిశ్రమంతో ప్రయోగాత్మకంగా నడిపారు. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ అడవి ఆముదం తోటలను పెద్దఎత్తున సిఫారసు చేసింది. ఈ పరిస్థితిలో క్రెడిట్ల సొమ్ము చెట్లకు కారణమా, చేసిన పనికి బహుమానమా అన్నది తేల్చడం కష్టం.

ఈ మూడు ప్రశ్నలూ అంతర్జాతీయ స్థాయిలో తిరిగి తలెత్తాయి. ఈజీజెట్ సంస్థ 2019 నవంబరులో తన విమానాలన్నిటి ఇంధన ఉద్గారాలకు పరిహారం మొదలుపెట్టి, 2022 చివరిలో మానుకుంది. మొక్కల పెంపకంతో ప్రయాణ ప్రభావాన్ని తగ్గించవచ్చన్న కేఎల్ఎం ప్రకటనలు వినియోగదారులను తప్పుదారి పట్టించాయని 2024 మార్చిలో ఆమ్‌స్టర్‌డామ్ న్యాయస్థానం తీర్పు చెప్పింది.

6. డెల్టా సందర్భం: ఆత్రేయపురం:

6.1. కానుగ పాత పరిచయం: గోదావరి డెల్టా రైతుకు కానుగ కొత్త చెట్టు కాదు. దమ్ములో కానుగ రొట్ట వేసి తొక్కించడం, కానుగ పిండిని ఎరువుగా చల్లడం తెలుగు నేలలో పాత వరి సేద్య పద్ధతులు. కృత్రిమ ఎరువులు వచ్చాక ఆ వాడకం తగ్గింది. పవర్‌గూడ లెక్కలో కానుగ విలువ నూనెకు మాత్రమే పరిమితమైంది. పిండిగా, రొట్టగా అది తగ్గించగల యూరియా ఆ లెక్కలోకి ఎక్కలేదు. క్రెడిట్ల గణన ఒక చెట్టు ఉపయోగాలలో తాను కొలవగలిగినదానినే గుర్తిస్తుందనడానికి ఇది నిదర్శనం.

6.2. పొయ్యి: ఆత్రేయపురం పేరు పూతరేకులతో ముడిపడింది. 2023లో దానికి భౌగోళిక గుర్తింపు లభించింది. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పలుచని బియ్యపు పిండి జావలో ముంచిన గుడ్డను కుండపై పరచి తీస్తే రేకు తయారవుతుంది. ఈ పొయ్యికి ఎండు కొబ్బరి మట్టల వంటి చితుకులు ఇంధనం. ఈ పని చేసేవారిలో అత్యధికులు మహిళలు. పొగ, వేడి వారి నిత్యానుభవం.

మెరుగైన పొయ్యిల పంపిణీ కార్బన్ విపణిలో పెద్ద విభాగం. కట్టెల వాడకం తగ్గిందని చూపి క్రెడిట్లు పొందుతారు. అయితే 2024లో నేచర్ సస్టైనబిలిటీ పత్రికలో వచ్చిన బర్కిలీ పరిశోధకుల అధ్యయనం, తాము పరిశీలించిన పొయ్యిల ప్రాజెక్టులు మొత్తంగా చూస్తే వాస్తవానికి తొమ్మిది రెట్లకు పైగా ఎక్కువ క్రెడిట్లు పొందాయని తేల్చింది. చాలా పద్ధతులు అడవి నరికివేతకు ఆపాదించే కట్టెల వాటాను ఎక్కువగా ఊహించడం ఒక కారణం. పూతరేకుల పొయ్యి ఇందుకు స్పష్టమైన ఎదురు ఉదాహరణ. రాలిన కొబ్బరి మట్ట కాలితే ఏ అడవీ తరగదు. కాబట్టి పొయ్యి మార్చడం వల్ల మహిళల ఊపిరితిత్తులకు కలిగే మేలు పెద్దది. నిజాయితీగా లెక్కిస్తే విమానానికి అమ్మదగిన టన్నులు స్వల్పం. ఆరోగ్యం కోసం చేయవలసిన పనిని టన్నులు రావన్న కారణంతో వాయిదా వేయరాదు. టన్నులు రావడం కోసం లెక్కను పెంచరాదు.

6.3. వరి మడి: డెల్టాలో అసలైన అవకాశం, అసలైన చిక్కు వరి మడిలోనే ఉన్నాయి. నిలువ నీటి కింద గాలి అందని బురదలో సూక్ష్మజీవులు మీథేన్‌ను ఉత్పత్తి చేస్తాయి. నూరేళ్ల కాలానికి లెక్కిస్తే టన్ను మీథేన్ సుమారు 27 టన్నుల బొగ్గుపులుసు వాయువుతో సమానం. మడిని ఎప్పుడూ ముంచి ఉంచకుండా తడి, ఆరుదల మార్చి మార్చి ఇస్తే మీథేన్ గణనీయంగా తగ్గుతుందని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ కృషి నిరూపించింది. ఈ పద్ధతిపై ఆధారపడిన క్రెడిట్ల ప్రాజెక్టులు తెలుగు రాష్ట్రాలతో సహా పలుచోట్ల మొదలయ్యాయి. అయితే 2023లో వెర్రా సంస్థ పాత వరి గణన పద్ధతి వాడకాన్ని నిలిపివేసి, 2025లో కొత్త పద్ధతిని తెచ్చింది. కొలతే ఇంకా స్థిరపడుతున్న దశ ఇది.

డెల్టా నిర్మాణం ఈ పద్ధతికి ప్రత్యేకమైన ఆటంకాలు కల్పిస్తుంది. మొదటిది, నీరు ఉమ్మడిది. కాలువ నుండి బోదెకు, బోదె నుండి మడికి, చాలాచోట్ల మడి నుండి మడికి నీరు పారుతుంది. పై మడిలో నీరు నిలిచి ఉంటే కింది మడి రైతు తన పొలాన్ని ఒంటరిగా ఆరబెట్టలేడు. రెండవది, తల - తోక భేదం. కాలువ తలదగ్గర ఉన్న ఆత్రేయపురం వంటి చోట్ల నీటిని నియంత్రించడం సులువు. సముద్రం వైపున్న కోనసీమ శివారు భూములలో సమస్య మురుగు నీరు పోకపోవడం. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు మురుగు కాలువల దుస్థితి కూడా వారి ఫిర్యాదులలో ఉంది. క్రెడిట్ల సొమ్ము సహజంగానే నియంత్రణ సులువైన తల భూములకు చేరుతుంది. కష్టం ఎక్కువ ఉన్న తోక భూములకు చేరదు.

మూడవది, అతి ముఖ్యమైనది, కౌలు. డెల్టాలో వరి పండించేవారిలో కౌలు రైతుల వాటా చాలా పెద్దది. ఆంధ్రప్రదేశ్ 2011లోనూ 2019లోనూ సాగుదారుల గుర్తింపు కోసం చట్టాలు చేసినా, భూయజమాని సమ్మతి అవసరం వల్ల చాలామంది గుర్తింపుకు దూరంగానే ఉన్నారు. క్రెడిట్ ఒప్పందాలు ఏళ్ల తరబడి సాగేవి. కౌలు ఒప్పందాలు నోటిమాటగా, ఏడాదికో పంటకో పరిమితమైనవి. మడిని ఆరబెట్టేది, గట్టు చూసేది, కలుపు పెరిగితే కూలి ఇచ్చేది కౌలుదారు. పట్టా చూపి సంతకం చేయగలిగేది యజమాని. ఈ స్థితిలో క్రెడిట్ ఎవరిదన్న ప్రశ్నకు స్పష్టమైన నియమం లేకుంటే, ఆ రాబడి క్రమంగా కౌలు రేటులో కలిసిపోయే ప్రమాదం ఉంది. పవర్‌గూడలో సొమ్ము శ్రమించిన సంఘానికే చేరింది. డెల్టాలో ఆ హామీ లేదు.

7. 2027 ముందున్న ద్వారం:

కోర్సియా తొలి దశ నుండి, 2021 తర్వాతి తగ్గింపులపై వచ్చిన క్రెడిట్‌ను విమాన సంస్థ వాడుకోవాలంటే, అది పుట్టిన దేశం అధికారిక అనుమతి పత్రం ఇవ్వాలి. ఆ మేరకు తన జాతీయ లక్ష్యాల లెక్క నుండి ఆ తగ్గింపును మినహాయించుకోవాలి. ఒకే తగ్గింపును దేశమూ విమాన సంస్థా రెండుసార్లు చూపకుండా ఉండేందుకే ఈ నియమం. ఇలా అనుమతి పొందిన క్రెడిట్లతో మొదటగా ముందుకు వచ్చిన దేశం గయానా.

భారత ప్రభుత్వం 2023 ఫిబ్రవరిలో అంతర్జాతీయ మార్పిడికి పరిగణించే కార్యకలాపాల జాబితాను ప్రకటించింది. అందులో హరిత హైడ్రోజన్, సముద్రంలో నెలకొల్పే పవన విద్యుత్తు, సుస్థిర విమాన ఇంధనం వంటి ఉన్నత సాంకేతికతలున్నాయి. కానుగ తోటలు, వరి మడులు లేవు. చవకగా సాధ్యమయ్యే తగ్గింపులను విదేశీ కొనుగోలుదారులకు అమ్మేస్తే, దేశం తన లక్ష్యాల కోసం ఖరీదైన తగ్గింపులపై ఆధారపడవలసి వస్తుందన్న జాగ్రత్త దీనిలో కనిపిస్తుంది. దేశీయ విపణికి 2022 నాటి ఇంధన పొదుపు సవరణ చట్టం, 2023 నాటి కార్బన్ క్రెడిట్ వాణిజ్య పథకం ఆధారం. ఆ జాబితా ప్రకారం చూస్తే డెల్టా వరి క్రెడిట్లకు స్వచ్ఛంద, దేశీయ విపణులే దిక్కు. కోర్సియా పేరు చెప్పి రైతుకు పెద్ద ధరల ఆశ చూపడం సరికాదు.

మరోవైపు, పవర్‌గూడ ఆలోచన వేరే రూపంలో తిరిగి వచ్చింది. 2018 ఆగస్టు 27న డెహ్రాడూన్ నుండి ఢిల్లీకి అడవి ఆముదం నూనెతో చేసిన జీవ ఇంధన మిశ్రమంతో ఒక విమానం ప్రయోగాత్మకంగా ఎగిరింది. అంతర్జాతీయ విమానాల ఇంధనంలో 2027 నాటికి ఒక శాతం, 2028 నాటికి రెండు, 2030 నాటికి ఐదు శాతం సుస్థిర ఇంధనం కలపాలని భారత్ లక్ష్యం పెట్టుకుంది. 2003లో చెట్టు నూనె నేలపై డీజిల్‌ను తప్పించి విమానానికి బదులు పలికింది. ఇప్పుడు అటువంటి నూనె విమానం ట్యాంకులోకే వెళుతుంది. ఇందులో వాడుక చిక్కు తీరుతుంది, ఎందుకంటే నూనె ఎక్కడ మండిందో తెలుసు. భూమి, గిట్టుబాటు, గింజ ఏరినవారి కూలి అన్న ప్రశ్నలు మాత్రం మిగిలే ఉంటాయి.

8. ఉపసంహారం:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

అ) పవర్‌గూడ ఒప్పందం దళారీ రహితమైనది, శ్రమించిన మహిళా సంఘానికి నేరుగా ప్రతిఫలమిచ్చినది. పంపిణీ న్యాయం విషయంలో అది నేటికీ ఆదర్శం.

ఆ) ఉద్గారం తక్షణం, పరిహారం దశాబ్దం. ఈ కాల వ్యత్యాసపు నష్టభారాన్ని మోసినది విక్రేత గూడెం. ముందస్తు క్రెడిట్లకు బదులు జరిగిన తగ్గింపుకే క్రెడిట్ ఇచ్చి, పెట్టుబడిని విడిగా సమకూర్చడం సమంజసం.

ఇ) ఆత్రేయపురం వంటి డెల్టా ప్రాంతాలలో వ్యక్తిగత రైతు ప్రాతిపదికన వరి క్రెడిట్ల ఒప్పందాలు నీటి స్వభావానికి విరుద్ధం. కాలువ, బోదె పరిధిలోని సాగునీటి వినియోగదారుల సంఘాలు ప్రాతిపదిక కావాలి.

ఈ) కౌలుదారు వాటాను ఒప్పందంలోనే రాయకుండా డెల్టాలో క్రెడిట్ల పథకాలను అనుమతించరాదు.

ఉ) దేశీయ విమానాలు అంతర్జాతీయ పథకం వెలుపల ఉన్నంతకాలం, మధురపూడి నుండి లేచే విమానం ఉద్గారాలకు డెల్టాలోని ఏ మడీ, ఏ చెట్టూ చట్టబద్ధమైన బదులు కాదు.

కార్బన్ క్రెడిట్ల చరిత్రను ఇప్పటివరకు ఎక్కువగా కొనుగోలుదారుల పత్రాల నుండే రాశారు. అమ్మిన గూడేలలో ఆ తర్వాతి పదేళ్లు చెట్లు ఎలా ఉన్నాయి, నూనె ఎటు పోయింది, సొమ్ము ఏ పనికి వచ్చింది అన్న విషయాలను గిరిజన మహిళల జ్ఞాపకాల నుండి, సంఘాల పద్దు పుస్తకాల నుండి సేకరించవలసి ఉంది. 2027 పుష్కరాల నాటికి ఆ పని జరిగితే, డెల్టా రైతు ముందు పెట్టబోయే కొత్త ఒప్పంద పత్రాలను చదవడానికి అది ఎంతో అక్కరకు వస్తుంది.